ఆట డబ్బాకు బొట్టు

దసరా నాడు మా ఇంట్లో బొట్టు పడని వస్తువు ఒక్కటే ఉండేది. అది నాది.

మా అమ్మ బక్కమ్మ పండుగ పొద్దున పసుపు గిన్నె, కుంకుమ గిన్నె పట్టుకుని బయలుదేరితే ఇంట్లో తిరిగేది, మోగేది, కరెంటు తాగేది ఏదీ తప్పించుకోలేదు. బండికి పెడుతుంది. మిక్సీకి, వాషింగ్ మెషీన్‌కు, ఇన్వర్టర్‌కు పెడుతుంది. నా భార్య స్వరూప దవాఖానలో నర్సు. ఆమె బీపీ చూసే మిషన్‌కు కూడా పెడుతుంది. అన్నిటికంటే ముందు మా బాపు తాపీకి పెడుతుంది. బాపు మైసయ్య సుతారి పని చేసేవాడు. నల్లగొండలో వంకర గోడ కనిపిస్తే అది బాపు కట్టింది కాదని అమ్మ చూడకుండానే చెబుతుంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. తాపీకి మాత్రం ఏటా బొట్టు పడుతూనే ఉంది.

టీవీ కింద ఏడేళ్ళుగా ఉన్న నా వీడియో గేమ్ డబ్బాను మాత్రం ఆమె దాటి వెళ్ళిపోయేది. నిరుడు అడిగాను.

“అమ్మా, పప్పుగుత్తికి గూడ వెట్టినవ్. గీనికెందుకు వెట్టవు?”

“అది పనిముట్టా?”

“మరేంది?”

“పనిముట్టంటే పని జెయ్యాలె బిడ్డా. అది నిన్ను గూడ పని జెయ్యనిస్తలేదు.”

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని. ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. ఆ మాట మనసులో పెట్టుకోవాల్సిన అవసరం లేదు. ఏడాది పాటు పెట్టుకున్నాను.

నా ఆటల గురించి బయట ఎవరూ అడగరు కాబట్టి నా అభిప్రాయాలన్నీ ఖర్చు కాకుండా ఉన్నాయి. ఇప్పుడొచ్చే ఆటలు సగం వండి వడ్డిస్తున్నారు. కొత్త ఆట కొనుక్కొచ్చి పెడితే, ముందు రెండు రోజులు అప్‌డేట్ అని తిప్పుతుంది. అది అయ్యేలోపు ఆడాలన్న ఆశ చచ్చిపోతుంది. ఆట మొదలయ్యాక రాజ్యాన్ని కాపాడమంటారు. కాపాడదామని బయలుదేరితే దారిలో ఒక ముసలమ్మ ఆపి, మేక తప్పిపోయింది వెతికి పెట్టమంటుంది. మేకను తెస్తే, ఈ చీటీ పక్క ఊళ్ళో ఇవ్వమంటుంది. నకిరేకల్ కాగితం తెచ్చి హుజూర్‌నగర్‌లో ఇచ్చే పని నాకు ఆఫీసులో ఎలాగూ ఉంది. దానికి జీతం ఇస్తారు. ఇక్కడ నేనే ఎదురు కట్టి చేస్తున్నాను.

అయినా చేశాను. ఒకే ఆటను నాలుగేళ్ళు, రెండు వందల పన్నెండు గంటలు ఆడాను. ఇక చివరి రాక్షసుడు ఒక్కడే మిగిలాడు. వాడి చేతిలో అరవై ఒక్కసారి చచ్చాను. వాడు పోతే ఆట అయిపోతుంది. నా జీవితంలో మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఒకటి ఉంటుంది. ఈ దసరా సెలవుల్లో వాడి సంగతి తేల్చాలని ముందే అనుకున్నాను.

ఆట ఎక్కడిదాకా వచ్చిందో డబ్బా లోపలే గుర్తుంటుంది. దాని నకలు ఇంకోచోట దాచాలంటే కంపెనీకి నెలనెలా కట్టాలి. నా రాక్షసుణ్ణి ఇంకొకరి ఇంట్లో కిరాయికి పెట్టడం ఏమిటని నేను కట్టలేదు. డబ్బా వచ్చిన అట్టపెట్టెను మాత్రం థర్మకోల్‌తో సహా సజ్జ మీద భద్రంగా ఉంచాను. బిల్లుకు లామినేషన్ చేయించాను. రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తీయలేదు. జాగ్రత్త విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

పండుగ పొద్దున ఆరింటికే మటన్ కోసం పోయాను. ఊళ్ళో సగం మంది అప్పటికే నా ముందు నిలబడి ఉన్నారు. మిగతా సగం వచ్చి నా వెనక నిలబడ్డారు. రెండు గంటల తర్వాత సంచితో ఇంటికి వచ్చేసరికి పూజ అయిపోయింది.

టీవీ కింద నా డబ్బా నిలబడి ఉంది. పైన పసుపుతో మూడు గీతలు, మధ్యలో కుంకుమ. దాని చుట్టూ బంతిపూల దండ. పైనున్న జాలీ మీద అక్షింతలు. పక్కనే సగం కొబ్బరి చిప్ప.

“వెట్టిన,” అంది అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ. “మల్ల వెట్టలే అని మొఖం మాడ్సుకుంటవని. కొబ్బరి నీళ్ళు గూడ జల్లిన.”

“గీని మీద ఎందుకు జల్లినవ్?”

“బండి మీద జల్లలేదా? దానికొక తీరు, దీనికొక తీరా?”

నాకు సంతోషం కలిగింది. కలిగినట్టే ఉంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. ఆఫీసు వాళ్ళు ఏడుగురు చూశారు, ఎవరూ ఏమీ అనలేదు.

తుడిచేద్దామని గుడ్డ తీస్తే అమ్మ ఆపింది. “పొద్దుగూకే దాక ముట్టొద్దు.” సరే అన్నాను. ఆ జాలీలోంచి లోపలి వేడి గాలి బయటికి వస్తుందని నాకు తెలుసు. గాలి బయటికి వచ్చేదే కదా, లోపలికి పోయేది కాదు కదా అని కూడా అనుకున్నాను. డిగ్రీలో నాది బీఎస్సీ.

మధ్యాహ్నం తిన్నాక రాక్షసుడి ముందుకు వెళ్ళాను. అమ్మ ఎప్పటిలాగే టీవీకి వీపు పెట్టి, షోకేసు వైపు తిరిగి, చాటలో ఎల్లిగడ్డలు వేసుకుని పొట్టు తీస్తూ కూర్చుంది. నేను ఆడే నాలుగేళ్ళూ ఆమె అక్కడే, అలాగే కూర్చుంది. అప్పుడప్పుడూ “ఎప్పుడు జూసినా నరుకుడే” అనేది, తల తిప్పకుండానే.

ఆ రోజు నా చెయ్యి బాగా నడిచింది. వాడు గద ఎత్తితే పక్కకు దొర్లాను, దించితే పొడిచాను. ఇరవై నిమిషాలు ఒక్క దెబ్బ తగలలేదు. తెర మీద వాడి ప్రాణం గోరంత మిగిలింది. అప్పుడే ఇంట్లో పోపు వాసన వచ్చింది. పండుగ కదా, స్వరూప ఏదో తాళింపు పెడుతున్నట్టుంది అనుకున్నాను.

స్వరూప వంటింట్లోంచి వచ్చి, “ఏం మాడుతాంది?” అంది.

తెర నల్లబడింది.

తెర మీద నేను కనిపించాను, రిమోట్ పట్టుకుని. వెనక షోకేసు కనిపించింది. రాక్షసుడు లేడు.

స్వరూప డబ్బా మీద చెయ్యి వేసి చూసింది. ఆమె చెయ్యి వేస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. “ఇంకా వేడుంది,” అంది. నేను తల ఊపాను. ఆ తర్వాత అరగంటలో అది చల్లబడింది.

“జరసేపు ఇడిసిపెట్టు,” అంది అమ్మ. “అదే లేస్తది.”

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని నలుగురి ఇళ్ళకు పోయి వచ్చాను. వచ్చి చూశాను. లేవలేదు.

ప్రకాశం బజార్‌లో జాఫర్ దుకాణం ఉంది. టీవీలు, లాప్‌టాపులు, ఆట డబ్బాలు బాగు చేస్తాడు. పండుగ తెల్లారి అతని బల్ల ముందు నేను నాలుగోవాణ్ణి. నా ముందున్న ముగ్గురిలో ఇద్దరి చేతుల్లో మిక్సీలు ఉన్నాయి. వాటికి బొట్లు ఉన్నాయి.

జాఫర్ నా డబ్బా మరలు విప్పి, తలకిందులు చేసి, కాగితం మీద దులిపాడు. బియ్యం రాలాయి. పసుపు అంటిన బియ్యం, ఒక పిడికెడు.

“అన్న, దీనికి పెండ్లి జేసిన్రా?”

“మా అమ్మ జర బొట్టు వెట్టింది.”

“జరనా?” అంటూ లోపలి ఫ్యాన్ బయటికి తీశాడు. దాని రెక్కలకు కుంకుమ ముద్ద ఎండి అతుక్కుంది. ఒక బంతిపూ రేక మాడి నల్లగా ఉంది. “పసుపు, కుంకుమ, కొబ్బరి నీళ్ళు. గిన్ని ఏస్తే కూరే అయితది అన్న. దసరా ఎల్లినంక వారం రోజులు నాకు గిదే సీజన్. నిరుడు వకీల్ సాబ్ ఒకాయన లాప్‌టాప్ తెచ్చిండు. ఏది నొక్కినా ఏలికి బొట్టు అయితాంది.”

“మీ ఇంట్ల గిట్ల ఏం జెయ్యరా?”

“మా అమ్మి షరీఫున్నీసా ఉన్నది గద. కొత్త సామాను వస్తే దువా చదివి దాని మీద ఊదుతది. ఊదితే ఏం గాదు. ఉన్న దుమ్ము గూడ పోతది.”

గంట తర్వాత పిలిచాడు. ఫ్యాన్ కొత్తది వేశాడు. డబ్బా లేచింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే అరచేతంత పలకను చూపించాడు. “అయితే లోపల హార్డ్ డిస్క్ కాలింది అన్న. కొత్తది ఏసిన. పాతదాన్ల ఉన్నదంతా పోయినట్టే.”

“తియ్యరాదా?”

“శానా తిప్పలు వడ్డ. రాలే. ముఖ్యమైనయి ఏమన్న ఉండెనా? పిల్లల ఫోటోలు?”

“లేవు.”

“ఆఫీసు కాయితాలు?”

“లేవు.”

“మరి ఏముండె?”

“ఒక రాక్షసుడుండె.”

జాఫర్ ఆఖరి మర బిగించాడు. “గంతే గద అన్న. ఫికర్ జెయ్యకు. వాడు ఏడికి పోతడు, మల్ల వస్తడు,” అని నా వెనకాయన మిక్సీ అందుకున్నాడు.

పాత ఫ్యాను, పాత డిస్కు ఇమ్మని అడిగి తీసుకున్నాను. ఏ రిపేరుకు పోయినా తీసేసిన సామాను అడిగి తెచ్చుకోవడం మా ఇంటి పద్ధతి. వాటితో ఏం చేస్తామో ఇంతవరకు ఎవరికీ తెలియదు. సజ్జ మీద ఫ్రిజ్‌ది ఒకటి, మోటారుది ఒకటి, గీజర్‌వి రెండు ఉన్నాయి.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. “ఏమైందట?”

ఆమె చేతిలో ఇంకా పసుపు రంగు పోలేదు. ఏడాది కిందట అడిగింది నేను. దండ వేసిందీ, నీళ్ళు చల్లిందీ నా ముఖం మాడకూడదనే.

“వేడెక్కిందట,” అన్నాను. “పాతగయింది గద.”

“అట్లనా,” అంది అమ్మ. “బొట్టు వెట్టినం గావట్టి గంతట్ల వోయింది. లేకపోతే పేలుతుండె. ఇగ ఏటా వెడ్త.”

“వెట్టు,” అన్నాను.

స్వరూప నా చేతిలోని కవరు తీసుకుని లోపలికి చూసింది. ఎర్రటి ఫ్యాన్ రెక్కలు చూసింది, నన్ను చూసింది. కవరు మూతి ముడేసి, స్టూలు ఎక్కి, సజ్జ మీద అట్టపెట్టెలో పెట్టి దిగింది.

“అత్తమ్మకు చెప్పకు,” అంది మెల్లగా.

“చెప్పలే.”

“ఎన్ని గంటలదన్నవ్ అది?”

“రెండు వందల పన్నెండు.”

“నాకు నైట్ డ్యూటీలు గన్ని గంటలు జెయ్యడానికి మూడు నెలలు వడ్తది,” అంది. ఓదార్పో లెక్కో తెలియలేదు.

మళ్ళీ రెండు రోజులు అప్‌డేట్ తిరిగింది. ఆదివారం మధ్యాహ్నం ఆట తెరుచుకుంది. పాత పేర్లు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. కొత్త ఆట అన్నచోట నొక్కాను. పేరు రాయమంటే విజేందర్ అని రాశాను. నాలుగేళ్ళ కిందట రాసిందీ అదే. నాకు కోపం రాలేదు. ఏదో ఒకటి వస్తుందేమో అని కాసేపు ఆగాను, ఏమీ రాలేదు.

తెల్లారింది, తెర మీద. చెరువు, పొగమంచు, ఒడ్డున చిన్న ఊరు. పడవ నడిపే ముసలాయన తెడ్డు పట్టుకుని వచ్చి, లేవమని నన్ను పిలిచాడు. ఆయనే కత్తి పట్టడం నేర్పుతాడు. ముప్పై గంటల ఆట తర్వాత రాతి వంతెన మీద మనల్ని కాపాడబోయి చచ్చిపోతాడు. ఆడేవాళ్ళందరికీ అంతే. ఆ నిమిషాన నాకు ఆ సంగతే గుర్తులేదు. రాక్షసుడు ఒక్కడే గుర్తున్నాడు.

వెనక ఎల్లిగడ్డ పొట్టు చప్పుడు ఆగింది.

“గీయన సచ్చిపోలే?” అంది అమ్మ.

నేను తిరిగి చూశాను. ఆమె వీపు టీవీకే ఉంది. ముఖం షోకేసు వైపు ఉంది. షోకేసు అద్దంలో, స్టీలు గ్లాసుల ముందు, చెరువూ పడవా ముసలాయనా చిన్నగా కనిపిస్తున్నారు.

“నీకెట్ల తెలుసు?”

“నాలుగేండ్ల సంది జూస్తున్న. సచ్చిపోయిండు గద, వంతెన మీద.”

“సచ్చిపోయిండు. పాతదంతా పోయిందమ్మా. మల్ల మొదటి నుంచి.”

“అయితే ఇంకా బతికే ఉన్నడా?”

“ఉన్నడు.”

అమ్మ చాట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు వేసి, ఒళ్ళంతా టీవీ వైపు తిప్పి కూర్చుంది. నాలుగేళ్ళలో మొదటిసారి.

“అయితే గీసారి వంతెన దిక్కు వోకు,” అంది. “నువ్వు వోతేనే గాయన నీ ఎనక వచ్చిండు. లేకపోతే ఆయన పడవేదో ఆయన నడుపుకుంటుండె.”

తెర మీద బాణం గుర్తు పడింది. వంతెన ముప్పై గంటల దూరంలో ఉన్నా, అటువైపే చూపిస్తోంది. అటు పోకపోతే ఆట ముందుకు పోదు. రాక్షసుడి దాకా ఎప్పటికీ చేరం. అది అమ్మకు చెబుదామనుకున్నాను.

“పోను,” అన్నాను.

ముసలాయన చుట్టూ రెండుసార్లు తిరిగాను. మీట నొక్కితే, చేపలు పడతావా అని అడిగాడు. మొదటిసారి ఆడినప్పుడు ఆ మాట దాటేసి పోయినట్టున్నాను. సరే అని నొక్కాను. గాలం ఇచ్చాడు. ఇద్దరం పడవలో కూర్చున్నాం. చాలాసేపు ఏమీ జరగలేదు. అమ్మకు విసుగు రాలేదు.

స్వరూప డ్యూటీకి పోతూ చెప్పులేసుకుని తొంగి చూసింది. “ఏమైతాంది?”

“సప్పుడు జెయ్యకు,” అంది అమ్మ. “చేప వడ్తది.”