కప్పు వాలినవైపు

ఆడవాళ్ల జైలు తొమ్మిదో వార్డులో మేము ఇరవై ఒక్కమందిమి. ఉదయం ఎనిమిదికి ఇనుప తలుపు తెరుచుకోగానే మంచాల ముందు వరుసగా నిలబడి, ఎవరి అంకె వారు గట్టిగా చెప్పాలి. చివర నిలబడే ఫెరిదె “ఇరవై ఒకటి” అనగానే, ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ కూతురు జెమీలె “ఇరవై రెండు!” అని అరిచేది. కాపలా ఆవిడ నవ్వి, కాగితం మీద ఇరవై ఒకటే రాసుకునేది. తల్లులతో లోపల ఉండే పిల్లలు ఖైదీలు కారు గనుక లెక్కలోకి రారు.

ఆరేళ్లు నిండిన పిల్లలు అక్కడ ఉండటానికి వీల్లేదు. జెమీలెకు మార్చి ఇరవయ్యిన నిండుతాయి. ఎవరింటికి పంపాలో తల్లి ముందుగా అర్జీ పెట్టుకోవాలి. లేకపోతే అడిగిన బంధువుకే అప్పగిస్తారు. అడిగినవాడు పిల్ల పెదనాన్న రమజాన్. అతని తమ్ముణ్ణి, అంటే తన భర్తను, చంపినందుకే ఫెరిదె మా మధ్య ఉంది.

“వాళ్లు నా బిడ్డ మొహంలో నన్నే చూస్తారు టీచరమ్మా. నన్ను కొట్టలేక దాన్ని కొడతారు” అనేది.

తోకాత్ ఊళ్లో ఉన్న ఆమె అక్క దోందు, పిల్లను తాను పెంచుకుంటానని ఉత్తరం రాసింది. ఇక కావలసినది అర్జీ మీద ఫెరిదె సంతకం ఒక్కటే. వార్డులో అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ప్రభుత్వాన్ని తప్పుపట్టిన ఒక ప్రకటన కింద సంతకం పెట్టి లోపలికి వచ్చినదాన్ని. ఫెరిదె అర్జీని ఫిబ్రవరి మొదట్లోనే రాసి ఆమె చేతికిచ్చాను.

ఆ తరువాతి ఆదివారం మధ్యాహ్నం పెరిహాన్ కాఫీ కాచింది. పదకొండేళ్లుగా లోపల ఉన్న మనిషి. కప్పులో మిగిలిన మడ్డి చూసి జరగబోయేది చెప్పడంలో ఆమెకు పేరు. పింగాణీ నిషేధం గనుక కప్పు ప్లాస్టిక్‌ది, సాసరు జామ్ డబ్బా మూత. తాగాక సాసరు మీద బోర్లించిన కప్పు త్వరగా చల్లారాలని, బయటైతే దానిమీద ఉంగరం పెడతారు. మాకు ఉంగరాలు లేవు, కోటు గుండీ పెట్టేవాళ్లం.

పెరిహాన్ గుండీ తీసి, ఫెరిదె తాగిన కప్పు ఎత్తింది. “అబ్బో! ఫెరిదే, ఇటు చూడవే. ఏంటిది?”

“మడ్డి, అక్కా.”

“మడ్డి కాదే మొద్దూ, దారి! అడుగునుంచి అంచుదాకా తెల్లగా తెరుచుకుంది. ఇదిగో నువ్వు, ఇదిగో నీ పిల్ల. చెయ్యీ చెయ్యీ పట్టుకుని పోతున్నారు.”

“అప్పీలు గెలుస్తానా?”

“కప్పులో కోర్టు పేరు రాసుండదే. దారి ఉంది, అంతే.”

“ఆ దారేదో నాక్కూడా చూపించి చావు!” అంది జేబులు కొట్టే ముసలి గుల్లు. “మూడేళ్లనుంచి నా కప్పులో ఒంటె తప్ప ఇంకోటి రావట్లేదు.”

“నువ్వు వేసుకునే చక్కెరకి మడ్డి కదుల్తుందా? ఒంటె అక్కడే పడుకుంది.”

అందరూ నవ్వారు. ఫెరిదె నవ్వలేదు. అర్జీని మడిచి దిండు కింద పెట్టింది.

“సంతకం?” అన్నాను.

“దారి తెరుచుకుంటుంటే పిల్లని ఇంకొకళ్లకి రాసిస్తే, మనమే ఆ దారి వద్దన్నట్టు కాదూ?” గొంతు తగ్గించింది. “మీరు సైన్సు చదివారు. నిజం చెప్పండి, కప్పు అబద్ధమాడుతుందా?”

అప్పటికి పెరిహాన్ చూసిన కప్పులు పద్నాలుగింటిని నేను గమనించాను. పన్నెండింటిలో దారి ఉంది. ఎవరు తాగినా కప్పును ఆమే తీసుకుని, తనవైపు వంచి బోర్లిస్తుంది. మిగిలిన తడి వాలినవైపు జారి, అక్కడి మడ్డిని కడిగేస్తుంది. అందులో విధి లేదు, వాలు ఉంది. కాని రెండేళ్లలో మొదటిసారి ఫెరిదె భుజాలు కాస్త వదులై కనిపించాయి.

“నాకు తెలీదమ్మా. సంతకం మాత్రం పెట్టు, పోయేదేముంది?” అన్నాను.

తెలియదన్న మాటే ఆమె విన్నది. శాస్త్రంలో అది నిజాయితీగల మాట. అయితే ఆ రోజు నాకు తెలుసు.

తరువాత రెండుసార్లు అడిగాను. “రేపు పెడతా టీచరమ్మా” అంది. మార్చి పదిహేడున అప్పీలు కొట్టివేసినట్లు కాగితం వచ్చింది. ఆ గంటలోనే సంతకం పెట్టింది. దోందు ఇల్లు చూసి నివేదిక రాయడానికి మూడు వారాలు పడుతుందని, అంతవరకు పిల్ల పెదనాన్న దగ్గర ఉంటుందని ఆఫీసువాళ్లు చెప్పారు. మూడు వారాల తరువాత, పిల్ల అక్కడ అలవాటుపడింది, ఇక అక్కడే ఉంటుందని రాశారు.

మార్చి ఇరవయ్యో తేదీన, పంపేసే రోజు, జెమీలె కొత్త బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర ఆగింది. “పెరిహాన్ పెద్దమ్మా, అమ్మ రావట్లేదేం? కప్పులో ఇద్దరం ఉన్నాం కదా?”

పెరిహాన్ కడిగిన కప్పునే మళ్లీ కడగసాగింది.

మర్నాడు ఉదయం ఫెరిదె “ఇరవై ఒకటి” అన్నది. కాపలా ఆవిడ అలవాటుకొద్దీ కలం ఎత్తి ఒక క్షణం ఆగింది. లెక్క సరిపోయిందని రాసుకుని తలుపు వేసింది.

ఆదివారం ఫెరిదె తన కప్పు తెచ్చి నా ముందు పెట్టింది. “దారి ఎట్లా పడుతుందో చెప్పండి.”

వంపు, తడి, జారుడు చెప్పాను. చివరిదాకా శ్రద్ధగా విన్నది.

“ఇంతేనా?”

“ఇంతే.”

“ఆ రోజు ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టేది టీచరమ్మా?”

“రెండు నిమిషాలు” అన్నాను.