గట్టు మీద శూలం

నేను ఒక త్రిశూలాన్ని. గాదె పుల్లారావు సంగతి చెప్పి గాని నా పుట్టుక చెప్పను. ప్రతి సోమవారం తలస్నానం చేసి, నుదుటిన మూడు విభూతి పట్టెలు పెట్టుకుని, నా ముందు కళ్లు మూసుకుని నిలబడేది వాడే. బత్తుల నాసరయ్య చేను మింగిందీ వాడే. మింగడానికి వాడు నోరు వాడలేదు, నన్ను వాడాడు.

నన్ను ఏ శాస్త్రం చదివిన స్థపతీ చెయ్యలేదు. ఒక రోజు నాసరయ్య విరిగిన నాగలి కర్రు, వంగిన గునపం, అరిగిపోయిన పార గోనెసంచిలో వేసుకొచ్చి కమ్మరి వీరాచారి కొలిమి ముందు గుమ్మరించాడు.

"శూలం చెయ్యి ఆచారీ."

ఆచారి తిత్తి ఊదడం ఆపాడు. "నీకు బక్తెప్పుడు పుట్టింది నాసరన్నా?"

"బక్తి కాదబ్బా, బయం. పుల్లారావు ఏటేటా గట్టు నరుక్కుంటా నా చేలోకి జరుగుతున్నాడు. హద్దురాయి పాతితే తెల్లారేసరికి అది నాలుగడుగులు నడిసొస్తంది. శూలం నడవదు గదా?"

ఆచారి పగలబడి నవ్వాడు. "రాయినైతే ఎవుడైనా పీకుతాడు. శూలం మీద చెయ్యేసే మగాడు ఈ ఊళ్లో పుట్టలా."

అలా పుట్టాను. నా ఎడమ మొన కర్రు, నడి మొన గునపం, కుడి మొన పార. ఆ చేనును ఇన్నేళ్లూ దున్నిన ఇనుము, తవ్విన ఇనుము, ఎత్తిపోసిన ఇనుము. తారు రోడ్డు పక్కన, పుల్లారావు చేనుకూ నాసరయ్య మిరప చేనుకూ మధ్య గట్టు మీద నన్ను పాతారు. నాసరయ్యకు ఉన్నదల్లా ఆ ఒక్క చేనే. పసుపు పూసి, కుంకం పెట్టి, ఒక్కో మొనకు ఒక్కో నిమ్మకాయ గుచ్చారు. నా మట్టిలోకి నేను తిరిగొచ్చానని సంబరపడ్డాను. ఇనుముకు బుద్ధి తక్కువ.

శూలం ఎందుకు పాతావని టీకొట్టు దగ్గర అడిగారు. పుల్లారావుకు భయపడి పాతానంటే పరువు పోతుంది. భయం బయటపడితే శూలం పవరూ పోతుంది. నాసరయ్య గొంతు సవరించుకున్నాడు.

"రాత్రి శివయ్య కల్లోకొచ్చాడు. ఇది నా చోటు, నన్నీడ నిలబెట్టు అన్నాడు."

విన్నవాళ్లలో పుల్లారావూ ఉన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "ఎంత అదురుష్టం మావా నీది!"

ఆ మర్నాటి నుంచి గట్టు నరకడం ఆగింది. నాసరయ్య భార్య దగ్గర మీసం దువ్వాడు. తిరపతమ్మ మాత్రం నవ్వలేదు. "దొంగోడు దణ్ణం పెట్టినప్పుడే మొలతాడు తడుముకోవాలయ్యా," అంది.

పై సోమవారం పుల్లారావు మారేడు దళాలు తెచ్చాడు. వెంట ఒక సిద్ధాంతిని కూడా తెచ్చాడు. ఆయన నన్ను చూసి పరవశించిపోయాడు. శివుడి కళ్లు మూడు, మారేడు రేకులు మూడు, విభూతి పట్టెలు మూడు, ఈ మొనలూ మూడు. ఇవే సృష్టి, స్థితి, లయం అన్నాడు. కర్రు, గునపం, పార అని నేను చెప్పలేను కదా. జనం మాత్రం ఆయన చెప్పిన ప్రతి ముక్కకూ చెంపలేసుకున్నారు. మూడుతో ఆగినా బాగుండేది. మూడుకు పెద్ద చోటక్కర్లేదు.

తర్వాత ఐదు వచ్చింది. శివుడి ముఖాలు ఐదు, మంత్రంలో అక్షరాలు ఐదు, కాబట్టి ఐదు గజాల అరుగు. నేనున్నది గట్టు మీద. సగం అరుగు పుల్లారావు చేలోకి పోవాలి. కానీ స్వామి తూర్పు చూడాలన్నాడు సిద్ధాంతి. తూర్పున ఉన్నది నాసరయ్య చేను. సిమెంటు నా కాళ్ల చుట్టూ పోశారు.  తను కన్న కలకు నాసరయ్య తనే అడ్డం పడితే ఏం బాగుంటుంది?

ఆ తర్వాత పదకొండు. రుద్రులు పదకొండు మంది. వాళ్లకు పదకొండు చిన్న లింగాలు, భక్తులకు పదకొండు ప్రదక్షిణలు, తిరగడానికి దారి. ఆఖరికి పుల్లారావు మైకు పట్టుకుని, నూట ఎనిమిది నామాల స్వామికి నూట ఎనిమిది మారేడు మొక్కలు, ఐదేసి గజాల ఎడంలో నాటుదామన్నాడు. జనం హరహర అన్నారు. పూత మీదున్న మిరప చేనులో ముగ్గు పోసి గుంతలు గుర్తు పెట్టారు.

అప్పుడు వచ్చాడు నాసరయ్య. జనాన్ని తోసుకుంటూ వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు తెలుసు. వచ్చేద్దామనే అనుకున్నాను. సిమెంటు వదల్లేదు.

"ఇది నా గునపం! ఇది నా చేను!"

పుల్లారావు ఎంతో మెత్తగా అన్నాడు. "నువ్వేగా మావా చెప్పింది, శివయ్య ఇది నా చోటన్నాడని? ఆయనదన్నాక నీదెట్టా అవుద్ది?"

"కలా లేదు, గిలా లేదు. నీకు బయపడి అబద్దం ఆడా!"

 ఒక ముసలామె చెవులు మూసుకుంది. "చెంపలేసుకో నాసరయ్యా, కళ్లు పోతయ్!" అందరూ అదే మాట అందుకున్నారు. అబద్ధం ఆడినప్పుడు ఊరంతా నమ్మింది. నిజం చెప్పినప్పుడు ఒక్కడూ నమ్మలేదు. నాసరయ్య అటూ ఇటూ చూశాడు. చేతులు నా మీద నుంచి తీసి, తన చెంపలు తనే వాయించుకున్నాడు.

ఆ తర్వాత నాసరయ్య పాసుపుస్తకం పట్టుకుని తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే ఎట్టకేలకు సర్వేయరు కొలత గొలుసు పట్టుకుని వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రోడ్డు దిగుతూనే ఆయన ఆగి, చేను మొదట్లో చెప్పులు విడిచాడు. అక్కడే అయిపోయింది. ఆయన చెప్పులు విడిచిన చోటే హద్దు. పదకొండు ప్రదక్షిణలు చేసి, పులిహోర తిని, గొలుసు విప్పకుండానే బండెక్కాడు.

ఇప్పుడు మిరప చేనంతా మారేడు చెట్లే, హుండీ తాళం పుల్లారావు మొలతాడుకుంది. నాకు ఇత్తడి తొడుగు వేశారు. ఇనుము ఎవరికీ కనపడదు. నాసరయ్యా, తిరపతమ్మా గట్టు అవతల పుల్లారావు చేలోనే మిరపకాయల కోతకు కూలికొస్తారు. ఎండ ముదిరాక నాసరయ్య మారేడు నీడకు వచ్చి, ఎవరూ చూడకుండా తొడుగు మీద చెయ్యేస్తాడు.

"గునపమా, ఉండావా లోపల?"

ఉన్నాను. ఉండి ఏం లాభం?

సోమవారం సోమవారం లెక్కలు వింటూనే ఉన్నాను. మూడు శివుడిది. ఐదు శివుడిది. పదకొండూ, నూట ఎనిమిదీ శివుడివే. ఏ దేవుడికీ చెందని లెక్క, ఏ సిద్ధాంతీ అర్థం చెప్పని లెక్క ఒకటే ఉంది, నాసరయ్య పాసుపుస్తకంలో. డెబ్బై నాలుగు సెంట్లు.