నలభై ఒకటో కుర్చీ

నా భార్య మోకాలు మూడు దెబ్బలతో విరిగింది. మొదటి రెండు దెబ్బలకు ఆమె అరవలేదట, తిట్టిందట. మూడో దెబ్బకు కాలు పక్కకు తిరిగిపోయింది. పట్టపగలు, చేపల మార్కెట్ మెట్ల మీద జరిగింది ఇది. చుట్టూ రెండు వందల మంది ఉన్నారు. అందరూ చూశారు. కొట్టినవాడు తాపీగా ఇనప చువ్వను గోనెసంచికి తుడుచుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి ఊరంతా చువ్వ అనే పిలుస్తారు. మార్కెట్ స్థలం మీద కన్నేసిన గుత్తేదారుకి వాడు నమ్మినబంటు.

నేను రెండు వీధుల అవతల నా వెల్డింగ్ షాపులో గేటుకు అతుకు వేస్తున్నాను. నాకు చెప్పడానికి ఎవరూ పరిగెత్తుకు రాలేదు. మా అత్త నడిచి వచ్చింది.

"అల్లుడూ, ఆ మంట ఆపు. దాని కాలు విరగ్గొట్టారు" అంది.

ఆమె కూతురు ఈ నగరసభలో కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి. అంతకు ముందు ఇరవై ఏళ్ళు అదే మార్కెట్లో చేపలు కోసింది. నలభై మంది మగవాళ్ళ మధ్యకు మొదటి రోజు వెళ్ళినప్పుడు సగం మంది ముక్కులు మూసుకున్నారు. ఆమెకు గుమ్మం పక్కన నలభై ఒకటో కుర్చీ వేశారు. దాని పక్కనే ఉమ్మితొట్టి.

"చేపలమ్మా, స్నానం చేసి వచ్చావా?" అన్నాడు ఒక సభ్యుడు.

"చేశానయ్యా. ఈ కంపు నీ కుర్చీ దగ్గర్నించి వస్తోంది, కాస్త లేచి చూసుకో" అంది.

మూడో నెలలో ఒకడు ఆమె జుట్టు పట్టుకుని మైకు దగ్గర్నించి లాగాడు. ఆమె బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు బరువు తీసి వాడి ముక్కు మీద కొట్టింది. ఆ రక్తం మరక నేల మీద చాలా కాలం ఉంది. ఆ తర్వాత ఎవరూ ఆమె జుట్టు జోలికి పోలేదు. చేపలమ్మ అనే పేరు మాత్రం మిగిలింది. ఆమెకు ఆ పేరు ఇష్టమే. నాకు కాదు.

మార్కెట్ స్థలం చేపలవాళ్ళకే ఉండాలని ఆమె తీర్మానం పెట్టింది. లేకపోతే గుత్తేదారు దాన్ని పడగొట్టి అంతస్తులు లేపుతాడు. ఇరవై మందిని ఒక్కొక్కరిగా తన వైపు తిప్పుకుంది. తనతో కలిపి ఇరవై ఒకటి. ఎదురు ఇరవై. ఓటింగు శుక్రవారం. కాలు విరిగింది సోమవారం.

అక్కడ ఓటు చేయెత్తి వేసేది కాదు, లేచి నిలబడి వేసేది. ఒప్పుకున్నవాళ్ళంతా ఒకేసారి లేవాలి. గుమాస్తా ఒకటో కుర్చీ నుంచి వరసగా నంబర్లు పిలుస్తాడు. తన నంబరు పిలిచేదాకా ఎవడి కాళ్ళ మీద వాడు నిలబడి ఉండాలి. బల్ల పట్టుకోవచ్చు. ఇంకో మనిషి పట్టుకుంటే ఓటు చెల్లదు. పూర్వం కొందరు పూటుగా తాగి వచ్చేవాళ్ళట. అనుచరులు చంకల కింద చేతులు వేసి లేపి నిలబెడితే ఓటు పడిపోయేదట. అందుకని పెట్టిన నియమం. ఆ నియమాల పుస్తకం మా మంచం కింద నాలుగేళ్ళుగా ఉంది. నేను తెరవలేదు.

డాక్టరు తొడ దాకా కట్టు వేశాడు. ఆరు వారాలు కాలు నేల మీద పెట్టొద్దన్నాడు.

"శుక్రవారం పెడతాను" అంది.

"పెడితే మళ్ళీ విరుగుతుంది."

"అది శనివారం చూసుకుందాం."

మంగళవారం నుంచి పగలంతా నేను ఇంట్లో లేను. షాపులోని పెద్ద సుత్తి సంచీలో వేసుకుని చువ్వ కోసం తిరిగాను. సారా కొట్లు, లారీ షెడ్లు, వాడి అక్క ఇల్లు అన్నీ వెతికాను. వాడి అక్క తలుపు తీసి నా చేతిలో సంచీ చూసింది.

"ఈ ఇంట్లో లేడన్నా. ఉంటే నేనే పట్టిచ్చేదాన్ని. నా పన్ను కూడా వాడే ఊడగొట్టాడు" అని నోరు తెరిచి చూపించింది.

నేను ఇలా తిరుగుతుండగా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తర్వాత తెలిసింది. నా భార్య ఇనప మంచం పట్టీ పట్టుకుని లేచి నిలబడేదట. మా అత్త ఒకటి నుంచి నంబర్లు పిలిచేదట. మంగళవారం ఇరవై రెండు దగ్గర పడిపోయింది. బుధవారం ముప్పై నాలుగు. గురువారం నలభై ఒకటి దాకా నిలబడి, మంచం మీద కూర్చుని, చద్దన్నం తిని పడుకుందట. నేను ఇంటికి వచ్చినప్పుడు ఆమె నిద్రపోతోంది. లేపలేదు. లేపి ఉంటే చెప్పేది.

శుక్రవారం పొద్దున చువ్వ దొరికాడు. బస్సు డిపో వెనక మంగలి కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు. మంగలి నన్ను చూసి కత్తి తీసి పక్కకు జరిగాడు. వాడి కుడిచెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. దాని మీద సుత్తితో దెబ్బ వేశాను. ఎముక చిట్లిన చప్పుడు కంటే వాడి అరుపు ముందు వినిపించింది. ముఖం మీద నురగతో కింద పడ్డాడు. రెండో దెబ్బ భుజం మీద వేశాను. మూడోది మోకాలికి అనుకున్నాను. మంగలి నా నడుము పట్టుకున్నాడు.

"చాలన్నా, చాలు. నా కొట్లో వద్దన్నా" అన్నాడు.

అతని కొట్టు కాబట్టి ఆగాను.

సభకు వెళ్ళేసరికి ఓటింగు మొదలైపోయింది. నా చొక్కా మీద రక్తం ఉంది. జనం కూర్చునే చోటికీ సభ్యుల వరసలకూ మధ్య నడుమెత్తు చెక్క కటకటాలు ఉన్నాయి. ఆమె కుర్చీ గుమ్మం పక్కనే కాబట్టి నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, వీపు నా వైపు పెట్టి నిలబడి ఉంది. జాకెట్టు మొత్తం చెమటతో తడిసింది.

గుమాస్తా సభ అధ్యక్షుడి మనిషి. పదిహేడు దగ్గర ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇరవై ఆరు దగ్గర మంచినీళ్ళు తాగాడు. ముప్పై ఒకటి రెండుసార్లు పిలిచాడు. ఎదుటి వరసల్లో నవ్వులు.

"చేపలమ్మా, కూర్చో తల్లీ, కాలు పాడవుతుంది" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె ఊపిరి ముక్కుతో గట్టిగా తీసి వదులుతోంది. కట్టు కింది నుంచి రక్తం చెప్పులోకి దిగుతోంది.

"ముప్పై ఎనిమిది" అన్నాడు గుమాస్తా.

ఆమె మోచేతులు వంగాయి. తల బల్ల మీదకు వాలింది. పడిపోతోందనుకున్నాను. పొద్దుటి కోపం నా చేతుల్లో ఇంకా ఉంది. కటకటాలు దూకి వెనకనించి ఆమె నడుము రెండు చేతులతో పట్టుకున్నాను.

"వదులు" అంది.

నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"వదలరా!" అంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె నన్ను రా అన్నది అదొక్కసారే.

గుమాస్తా ఇప్పుడు ఎక్కడా ఆగలేదు. "ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి, చెల్లదు" అని గబగబా చదివేశాడు. ఇరవై, ఇరవై. ఓట్లు సమానమైతే తేల్చే ఓటు అధ్యక్షుడిది, దాన్ని గుత్తేదారుకి వేశాడు.

ఆ తర్వాత కుర్చీలు లేచాయి. బయటనించి చేపలమ్మే ఆడవాళ్ళు లోపలికి తోసుకొచ్చారు. ఒక సభ్యుడి చెవి సగం తెగింది. గుమాస్తాని బల్ల కిందకు ఈడ్చి మడమలతో తొక్కారు. మా అత్త అతని కళ్ళద్దాలు చేత్తో నలిపి చూపించింది. ఎవరో నా వీపు మీద కుర్చీ విరగ్గొట్టారు. నేను ఒకడి గొంతు పట్టుకున్నాను. వాడెవడో కూడా చూడలేదు. పోలీసులు వచ్చి లాఠీలతో నా చేతులు విడిపించారు.

పోలీసు వ్యాన్ మెట్టు దగ్గర ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"పడిపోయేదానివి" అన్నాను.

"మూడంటే మూడు నంబర్లు. నిన్న ఇంట్లో నలభై ఒకటి దాకా నిలబడ్డాను. మా అమ్మనడుగు" అంది.

వ్యాన్ తలుపు వేశారు. ఆమె నాతో ఆడిన చివరి మాట అదే.

చువ్వ చెయ్యి విరగ్గొట్టినందుకు నన్ను లోపల పెట్టారు. శనివారం పొద్దున యంత్రాలు మార్కెట్ మీదకు వెళ్ళాయి. ఆమె కుర్చీ వేయించుకుని మొదటి యంత్రం ముందు కూర్చుందట. చుట్టూ ఆడవాళ్ళు కోత కత్తులతో నిలబడ్డారట. పోలీసులు కుర్చీని లాగేశారు. ఆమె చేపల అరుగు పట్టుకుని లేవబోతే లాఠీ తల వెనక తగిలింది. ఎవడి లాఠీయో ఏ కాగితంలోనూ లేదు. మధ్యాహ్నానికి మార్కెట్ నేలమట్టమైంది. ఆమె మూడో రోజు పోయింది. నాకు జామీను నాలుగో రోజు వచ్చింది.

వారం తర్వాత అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. తెల్లబట్టలు, చేతిలో పూలదండ, వెనక ఇద్దరు మనుషులు. ఆమె పడుకున్న ఇనప మంచం మీదే కూర్చున్నాడు. మా అత్త లోపల గిన్నెలు తోముతోంది.

"గొప్ప మనిషి. ఈ నగరంలో ఆడవాళ్ళకు దారి వేసింది. సభలో ఆమె పటం పెడతాం" అన్నాడు.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఒక మాట చెబితే ఏమీ అనుకోకు బాబూ" అని గొంతు తగ్గించాడు. "ఆ రోజు నువ్వు తొందరపడకుండా ఉంటే ఓటు ఆమెదే. మార్కెట్ నిలిచేది. ఆమె బతికి ఉండేది. నాకే బాధేసింది."

అతను చెప్పింది నిజం. అందుకే కొట్టాను. మొదట పిడికిలితో, తర్వాత తలుపుకి వేసే ఇనప గడియతో. పళ్ళు నాలుగు నేల మీద పడ్డాయి, ఒక కన్ను మూసుకుపోయింది. వెనకాలవాళ్ళు నా పక్కటెముకలు రెండు విరగ్గొట్టేదాకా నేను ఆపలేదు. మా అత్త గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. అడ్డం రాలేదు.

ఈసారి జామీను ఇవ్వలేదు. రెండో నెలలో మా అత్త జైలుకు వచ్చింది. నలభై ఒకటో కుర్చీకి ఎన్నిక పెట్టారు. అరవై ఏడేళ్ళ మనిషి, నామినేషన్ వేసి నేరుగా ఇక్కడికే వచ్చింది. కటకటాల అవతల బల్ల మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గెలిచి ఏం చేస్తావత్తా? మార్కెట్ లేదుగా" అన్నాను.

"పునాదులు ఇంకా తవ్వలేదు. స్థలం ఉంది. ఆ తీర్మానం మళ్ళీ పెడతాను."

"వకీలుతో మాట్లాడు. నేను బయటికి వస్తే ఇల్లిల్లూ తిరుగుతాను. నా మాట వింటారు."

మా అత్త లేచి నిలబడింది. చాలాసేపు నా చేతుల వైపు చూసింది.

"ఎన్నిక అయ్యేదాకా లోపలే ఉండు నాయనా" అంది. "ఆ తర్వాత ఓటింగు అయ్యేదాకా కూడా ఉండు. బయట ఉంటే మళ్ళీ ఏదో ఒక సాయం చేస్తావు."

ఆమె నూట పన్నెండు ఓట్ల తేడాతో గెలిచింది. నేను వకీలుని పిలిపించలేదు.