జంట లెక్క

కాశిబుగ్గ నేతగాడు మార్కండేయులుకు ఒకటే పట్టుదల. కొడుకు రాజమల్లు మగ్గం గుంతలో కాలు పెట్టకూడదు. "వాడు బడికి పోవాలె, కుర్సీల కూసోవాలె" అని దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పేవాడు. అవి నిజాం రోజులు. లెక్క వచ్చిన పిల్లల్నే సర్కారు బడిలో చేర్చుకుంటారని విన్నాడు. ఇంకేం, ఇంట్లోనే లెక్కలు మొదలుపెట్టాడు.

పాపం, ఆయనకు వచ్చింది పడుగు లెక్క ఒక్కటే. నేతగాళ్లు పోగుల్ని జంటలుగా పట్టి ఎంచుతారు. రెండు పోగులు కలిస్తే ఒకటి. పిల్లవాడు తెలియక విడివిడిగా ఎంచితే వెదురుబద్ద వీపున పడేది.

"జంట పట్టురా! ఒక్కొక్కటి ఎంచుకుంట కూసుంటే తెల్లారుతది!"

తల్లి శ్యామలమ్మ అడ్డం వస్తే ఆమెకూ తగిలేది. కొన్నాళ్లకు ఏది చూసినా రాజమల్లు వేళ్లు రెండేసి పట్టుకోసాగాయి. తండ్రి మురిసిపోయాడు. ఆ మురిపెం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకనాడు కొడుకును బడికి తీసుకుపోతే, చూద్దామని కాశిబుగ్గ వాళ్లు కొందరు వెంట వచ్చారు. పెద్దసారు బల్ల మీద పన్నెండు చింతగింజలు పోశాడు. "ఎన్నిరా?"

రాజమల్లు గబగబా జంటలు కట్టాడు. "ఆరు సార్."

పిల్లలు గొల్లుమన్నారు. "మళ్లీ ఎంచు," అన్నాడు పెద్దసారు.

వాడు ఒకసారి తండ్రి చేతివైపు చూసి, మళ్లీ జంటలే కట్టాడు. "ఆరు సార్."

"ఇసొంటి మొద్దును ఎందుకు తెచ్చినవయ్యా? తీస్కపో!"

తప్పెక్కడుందో మార్కండేయులుకు వెంటనే తెలిసింది. నేను నేర్పిందే సారూ అంటే సరిపోయేది. కానీ వెనక కాశిబుగ్గ వాళ్లు నిలబడి నవ్వుతున్నారు. కొడుకును బయటికి ఈడ్చుకొచ్చి, చేతికందిన వేపకొమ్మ విరిచాడు.

"నా ఇజ్జత్ తీస్తివి గదరా!"

ఇంటికొచ్చాక శ్యామలమ్మ వాడి వీపుకు నూనె రాస్తూ ఏడ్చింది. "ఎన్ని దెబ్బలు కొట్టిండు బిడ్డా?"

"నాలుగు అవ్వా."

ఆమె ఒక్కో వాతనూ తడిమి చూసింది. "ఎనిమిది ఉన్నయి గదరా!"

"రెండు కలిస్తే ఒకటే అవ్వా. నాయిన చెప్పిండు."

గుంతలో మగ్గం ఆగింది. ఇప్పుడైనా లేచి వచ్చి పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుంటాడేమోనని శ్యామలమ్మ అటే చూసింది.

"లెక్క సరిగ్గనే చెప్పిండు," అన్నాడు మార్కండేయులు తలెత్తకుండా. "రేపటి సంది గుంతల కూసోబెట్టు."