గోడమీది ఇంజనీరు

కువైట్‌లో రిగ్గై అనే పేటలోని ఒక లాండ్రీలో ఈశ్వరయ్య చేసే పని చెప్పడానికి ఒక్క ముక్క చాలు: పిడి తిప్పడం. ఉతికిన బట్టను రెండు రబ్బరు రోలర్ల మధ్య దూర్చి పిడి తిప్పితే నీళ్ళన్నీ కారిపోయి, బట్ట అప్పడంలా అవతలికి వస్తుంది. గుండీలు మాత్రం లోపలికి మడిచిపెట్టాలి. లేకపోతే పగిలిపోతాయి. ఎనిమిదేళ్ళలో ఈశ్వరయ్య ఒక్క గుండీ పగలనివ్వలేదు. అంతవరకు నిజమే.

ఆ నిజం రాయచోటికి రాసే ఉత్తరాలకు చాల్లేదు. అందుకే అరువు కోటు వేసుకుని, పానా ఒకటి అడుక్కొచ్చి, మిషను పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. కింద 'ఇంజనీర్ ఈశ్వరయ్య' అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాయించాడు. ఒకటి ఇంటికి పంపి, ఇంకొకటి లాండ్రీ గోడకు తగిలించాడు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో లాండ్రీ యజమాని అయిన కఫీల్ కుటుంబంతో సౌదీకి వెళ్ళిపోయాడు. ఈశ్వరయ్యా, ఇస్త్రీ చేసే అస్లామూ లాండ్రీలోనే తలదాచుకున్నారు. ఒక రోజు ఒక సైనికాధికారి మనుషులతో వచ్చి, కొత్త మిషన్లన్నీ లారీకెక్కించి, గోడవైపు చూశాడు.

"ఈ ముహందిస్ నువ్వేనా? లారీ ఎక్కు. బస్రాలో ఈ మిషన్లు నువ్వే బిగించాలి," అన్నాడు అరబ్బీలో.

ముహందిస్ అంటే ఇంజనీరే. ఆ లారీ ఎక్కితే మళ్ళీ పెళ్ళాం బిడ్డల మొహం చూస్తానన్న ఆశ లేదు. ఈశ్వరయ్య తన గొయ్యి తానే తవ్వుకోవడమే కాదు, దానికి చట్రం కట్టించి గోడకు తగిలించుకున్నాడు కూడా.

"ఆ పటం తీసెయ్ అన్నా అని ఎన్నిసార్లు జెప్పినా నీకు! ఇన్యావా?" అని గొణిగాడు అస్లాం.

"నేను ఇంజనీర్ను కాదు, బట్టలు పిండేవాణ్ణి," అని ఈశ్వరయ్య తనకొచ్చిన అరబ్బీలో మొత్తుకున్నాడు. ఎనిమిదేళ్ళు అబద్ధం నమ్మించడానికి పడని కష్టమంతా ఆ ఒక్క నిజానికి పడ్డాడు.

అధికారి నమ్మలేదు. తన చొక్కా విప్పి విసిరి, మిగిలిన ఆ పాత పిడి మిషను చూపించాడు. "నడుపు. నువ్వెవరో నేను తేలుస్తాను. యల్లా!"

ఈశ్వరయ్య చొక్కాను నీళ్ళలో ముంచి, రోలర్లకు అందించి, పిడి తిప్పాడు. పట్. పట్. పటపటా. గుండీలన్నీ పగిలి గచ్చంతా పడ్డాయి. భుజం మీది ఇత్తడి బిళ్ళ ఇరుక్కుని రబ్బరు కూడా చీలిపోయింది.

అధికారి ఫోటోను చూశాడు, చొక్కాను చూశాడు. చెంప ఛెళ్ళుమంది. "ముహందిస్ కాదు, గాడిద!" అని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. జీవితంలో ఏ బిరుదుకూ ఈశ్వరయ్య అంత సంతోషించలేదు.

అక్టోబరులో అమ్మాన్ మీదుగా ఇల్లు చేరాడు. ఊరంతా చుట్టూ చేరితే, గుండీలు పగిలి తాను బతికిన సంగతి చెప్పాడు.

"గుండీలు కావాలనే పగలగొడితివా?" అడిగింది భార్య సంజీవమ్మ.

ఈశ్వరయ్య సిగ్గు విడిచాడు. "లేదే. భయానికి మడిచేది మర్చిపోయినా. నేను ఇంజనీరూ కాదు, పాడూ కాదు. పిడి తిప్పేవాణ్ణి."

అందరూ నవ్వారు. "అంత ఉపాయం జేసి, ఎంత అణకువో సూడు!" అన్నారు. సంజీవమ్మ లేచి గోడమీది ఫోటోను కొంగుతో తుడిచింది.

పక్కింటి భీమరాజు వెళ్ళబోతూ గడప దగ్గర ఆగాడు.

"మా బోరు మోటారు ఆగిపోయింది ఇంజనీరన్నా. రేపు పొద్దున వచ్చి ఒకసారి సూడు."