బోర్లించని మగ్గు

పలక కింద నుంచి మేస్త్రీని లాగుతున్నారు. నిన్న పోసిన పిల్లరు ఈపాటికి రాయిలా బిగుసుకోవాలి. చుట్టూ బిగించిన పలకలు విప్పగానే కుప్పకూలి, అతన్ని ఛాతీ దాకా కప్పేసింది. డాక్టరు రెండు చేతులతో ఆ ముద్దను తోడి పారేస్తున్నాడు. ఇంకా పచ్చిగానే ఉంది. ఎందుకో అక్కడ అతనొక్కడికే తెలుసు.

అతను నిజం డాక్టరు కాదు. ఎండకు కాంక్రీటు ముందే బిగుసుకోకుండా మిక్సరులో మందు కలిపేవాడు. ఆ పేరు పెట్టింది ఈ సెంట్రింగ్ మేస్త్రీయే, అతని అక్క భర్త. పని నేర్పిందీ ఆయనే. మందు పోయగానే మగ్గును డబ్బా మూత మీద బోర్లించాలి. బోర్లా ఉంటే పోసినట్టు. ఇన్నేళ్లలో ఆ అలవాటు తప్పలేదు.

నిన్న తప్పింది. ఆ పిల్లరుకు సరిపోయే మిక్సు తిరుగుతుండగా మిక్సరు మొరాయించింది. మగ్గు పట్టుకునే పరుగెత్తి బెల్టు సర్దాడు. తిరిగొచ్చేసరికి చేతిలో ఖాళీ మగ్గు. పోశానా, లేదా? ఎంతకీ గుర్తురాలేదు. మళ్లీ మగ్గు నింపి పోశాడు. కాంక్రీటు పిల్లరులోకి జారుతుంటే మరీ పల్చగా కనబడింది. చెబితే అంతా తోడి పారబోయాలి, అందరి ముందూ తిట్లు తినాలి. ఆలస్యంగానైనా బిగుస్తుందిలే అని నోరు మూసుకున్నాడు.

పొద్దున బావ పలకల బిగింపుల మీద సుత్తి ఆనించి, కన్నుగీటాడు.

"ఏం డాక్టరూ, పేషెంటు ఎలా ఉన్నాడు? కట్లు విప్పేయమంటావా?"

"బాగానే ఉన్నాడు. విప్పెయ్ బావా."

"తేడా వస్తే నీ పేరే చెబుతా."

బావను బండిలో తీసుకెళ్లారు. మధ్యాహ్నం సూపర్‌వైజరు ఫోను చెవి మీంచి దించి, తలమీది టోపీ తీశాడు. కాసేపటికి మిక్సరు కూడా ఆపేశారు.

అప్పటికే కబురంది వచ్చిన అక్క ఇటుకల గుట్ట మీద కూర్చుని ఉంది. సూపర్‌వైజరు ఆమె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

"ఆయనే తొందరపడి విప్పేశాడమ్మా. ఇంకో రోజు ఆగాల్సింది."

"తొందరా? చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అరగంట పట్టే మనిషండీ ఆయన."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. అతని మోచేతుల దాకా కాంక్రీటు. ఎండకు ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది.

"నువ్వక్కడే ఉన్నావుగా. చెప్పరా. మీ బావ తప్పేనా?"

సూపర్‌వైజరు అతని వంక చూసి, అవునను అన్నట్టు తలాడించాడు. అవునంటే చాలు, అంతా అక్కడితో ముగిసిపోతుంది. పోయినవాడు వచ్చి కాదనడు.

"కాదక్కా. విప్పమన్నది నేను. మందు రెండుసార్లు పోసిందీ నేనే."

ఆగిన మిక్సరు పక్కన, డబ్బా మూత మీద, మగ్గు నిన్నటి నుంచి వెల్లకిలానే ఉంది.