రత్నప్రభ ఆంటీ డబ్బా

మేదిని నోట్లోంచి మాటలు రాలిపడుతున్నాయి. అదీ శనివారాలు మాత్రమే, ఎవరైనా నవ్వినప్పుడు మాత్రమే. గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చలి ఊళ్లో మనవాళ్లవి ఆరే కుటుంబాలు. రెండేసి శనివారాలు ఒక్కొక్కరి ఇంట్లో భోజనాలు. తిన్నాక అందరికీ ఒకటే కాలక్షేపం, ఇక్కడే పుట్టిన పన్నెండేళ్ల మేదిని చేత తెలుగు మాట్లాడించడం.

మాట్లాడించేది రత్నప్రభ ఆంటీ. మజ్జిగ అనమంటుంది. మేదిని అంటుంది. అందరూ పగలబడి నవ్వుతారు. ఆ మాట ఉసిరికాయంత ఉండలా మారి టప్పున కంచంలో పడుతుంది. మిగిలిన పులిహోర సర్దుకున్నట్టే ఆంటీ దాన్ని తన స్టీలు డబ్బాలో వేసుకుని మూత బిగిస్తుంది, మహాతల్లి. ఆ పైన మేదినికి మజ్జిగ కావాలంటే వేలు పెట్టి చూపించాల్సిందే.

మూడేళ్లలో అన్నీ పోయాయి. ఇంగ్లీషుకేం లోటు లేదు, కానీ వాళ్లమ్మ విశాలాక్షికి ఇంగ్లీషులో కూతురి బెంగా తెలియదు, కోపమూ తెలియదు. మిగిలింది ఒక్క మాట, అమ్మ. ఈసారి భోజనాల వంతు మేదిని వాళ్లది. వచ్చే శనివారం అదే అడుగుతానని ఆంటీ గుమ్మంలో చెప్పి వెళ్తుంది. మేదినికి ఒళ్లు మండిపోతుంది.

ఆరిళ్ల డబ్బాలూ ఒకే తీరువి. పక్కన చెక్కించుకున్న పేరు చూస్తేనే ఎవరిదేదో తెలుస్తుంది. ఆ రాత్రి మంచు పడుతోందన్న కంగారులో ఆంటీ పేరు చూడకుండా విశాలాక్షి డబ్బా పట్టుకుపోయింది. తనది పొయ్యి పక్కనే మర్చిపోయింది.

మేదిని మూత తీస్తుంది. మూడేళ్ల మాటలు ఉప్పునీళ్లలో ఊరుతున్నాయి. ఒక్కొక్కటే నోట్లో వేసుకుని మింగుతుంది. పుల్లగా, హాయిగా ఉన్నాయి.

"ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదే. ఏదో ఒకటి వెయ్యి" అంటుంది విశాలాక్షి.

సరే అని మేదిని మేకు తెచ్చి డబ్బా మీది పేరు గీకుతుంది. రాలిన పొడి డబ్బాలో వేసి మూత పెడుతుంది.

శనివారం తలుపు దగ్గర ఒక ఆవిడ నిలబడి ఉంది. మీరెవరండీ అని విశాలాక్షి అడుగుతుంది. ఆవిడ నోరు తెరుస్తుంది, పేరు రాదు. లోపలివాళ్లు నవ్వుతారు. నవ్విన కొద్దీ ఆవిడ కుదించుకుపోతుంది.

"పేరు చెప్పండి ఆంటీ. ఏదీ, ఇంకోసారి" అంటుంది మేదిని, తేటతెల్లమైన తెలుగులో.

ఉసిరికాయంత అయ్యాక మేదిని ఆవిణ్ణి ఎత్తి, పేరు పోయిన డబ్బాలో వేస్తుంది. మేదిని కడుపుమంట చల్లారుతుంది.

గుమ్మంలో విశాలాక్షి డబ్బా మిగిలింది. ఆంటీ కూడా దాన్ని ఖాళీగా తేలేదు. మేదిని మూత తీయగానే లోపలినుంచి నవ్వు వస్తుంది. చెంగు అడ్డం పెట్టుకుని ప్రతి శనివారమూ నవ్విన నవ్వు, అందరికంటే పెద్దది, వాళ్లమ్మది.

మేదిని చాలాసేపు వింటుంది. తర్వాత మేకు తీసుకుని వంటింట్లోకి వెళ్తుంది. వి గీకుతుంది, శా గీకుతుంది. చివరి అక్షరం దాకా వచ్చాక, పోకుండా దాచుకున్న ఆ ఒక్క మాటతో పిలుస్తుంది.

"అమ్మా, ఇలా రా."

"వస్తున్నానే" అంటూ విశాలాక్షి వస్తుంది. డబ్బాలోంచి నవ్వు వస్తూనే ఉంది. గుమ్మం దగ్గర కూతురంత ఉంది, బల్ల దగ్గరికి చెంబంత. మేదిని వంగి, చీర నలగకుండా ఆవిణ్ణి రెండు వేళ్లతో ఎత్తుకుంటుంది.